బాల్కనీ వీడియో: అల్లర్ల నగరంలో నివాసులే విలేకరులైనప్పుడు

నేపథ్యం

ఎన్నికల ఫలితం మీద గొడవతో మొదలై, కొన్ని వారాల్లోనే వీధి ఘర్షణల దాకా వెళ్ళిన ఒక నగరంలోని కేసు ఇది. దేశం, పార్టీలు, పేటల పేర్లు చెప్పడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. ఇందులో ఉన్నవాళ్ళు చదివి ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను.

కర్ఫ్యూ పెట్టాక, పాసులున్న విలేకరులు కూడా పెద్ద కూడళ్ళ వరకే వెళ్ళగలిగేవారు. లోపలి వీధుల్లో ఏం జరుగుతోందో బయటికి తెలిసేది కాదు. అప్పుడు కొందరు నివాసులు తమ వీధుల సంగతులు తామే రాసి అందరికీ పంపడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒక స్కూలు టీచర్, ఒక నర్సు, ఒక డ్రైవర్, రిటైరైన ఇంజినీరు, కొందరు కాలేజీ విద్యార్థులు ఉన్నారు. ఎవరూ వృత్తిరీత్యా విలేకరులు కారు.

ఇలాంటి ప్రయత్నాలు కొత్తవి కావు. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత కెన్యాలో హింస చెలరేగినప్పుడు, 2008 జనవరిలో ఉషాహిది అనే వేదిక మొదలైంది. జనం ఎస్సెమ్మెస్‌లోనూ వెబ్‌లోనూ పంపిన సమాచారాన్ని అక్కడ మ్యాపు మీద గుర్తించేవారు. ఈ బృందం కూడా చిన్న స్థాయిలో అలాంటిదే చేద్దామనుకుంది. కొద్ది రోజుల్లోనే ఊరంతా వాళ్ళ మెసేజ్‌ల కోసం ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. బరువంతా అక్కడినుంచే మొదలైంది.

ఇలాంటి బృందాలకు వార్తల నిర్ధారణలోనూ, వార్త పంపేవాళ్ళ భద్రత విషయంలోనూ సాయం చేయడం నా పని. ఈ కేసులో దూరం నుంచే పనిచేశాను.

నన్ను పిలిచిన కారణం

ఒక రాత్రి ఆ బృందం, ఒక ఆస్పత్రిలో చాలా శవాలు దాచారని వార్త పంపింది. కర్ఫ్యూని లెక్కచేయకుండా కుటుంబాలు ఆస్పత్రికి పరుగెత్తాయి. దారిలో తొక్కిసలాట జరిగి కొందరికి గాయాలయ్యాయి. ఆ వార్త నిజం కాదు.

వాళ్ళకు ఒక నియమం ఉండేది: ముగ్గురు నిర్ధారిస్తేనే ఏ వార్తయినా బయటికి వెళ్ళాలి. ఆ రాత్రి కూడా ముగ్గురు నిర్ధారించారు. నేను అడిగిన మొదటి పని, ఆ ముగ్గురికీ ఆ మాట ఎలా తెలిసిందో వెనక్కి వెళ్ళి కనుక్కోవడం. ముగ్గురూ విన్నది ఒకే వాయిస్ నోట్. ఒకరికి బంధువు పంపితే, ఇంకొకరికి ఆఫీసు గ్రూపులో వచ్చింది. మూడోవారికి పక్కింటివాళ్ళు వినిపించారు. ఆ గొంతు ఎవరిదో ఒక్కరికీ తెలియదు.

బృందంలో ఉన్న నర్సు పనిచేసేది ఆ ఆస్పత్రిలోనే. ఆ రాత్రి ఆమె డ్యూటీలో ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు, ఎందుకంటే నియమం అడిగింది ముగ్గుర్ని మాత్రమే, ముందు జవాబిచ్చిన ముగ్గురితో లెక్క పూర్తయింది. నిర్ధారణ అంటే ఎంతమంది అవునన్నారో లెక్కపెట్టడమని అనుకున్నంతకాలం ఇలాగే జరుగుతుంది. ఆ విషయాన్ని చూడగలిగే చోట ఎవరున్నారని మొదట అడిగి ఉంటే, ఒక్క ఫోన్‌తో తేలిపోయేది.

అదే సమయంలో ఇంకో భయం కూడా వాళ్ళను పట్టుకుంది. వీడియోలు పంపేవాళ్ళ ఇళ్ళు ఎక్కడో కనిపెట్టడానికి ఎవరో ప్రయత్నిస్తున్నారని తెలిసింది. తప్పుడు వార్త ఒక సమస్య, భద్రత ఇంకో సమస్య అని వాళ్ళు విడివిడిగా చెప్పారు. నాకు మాత్రం మొదటి మాటల్లోనే ఈ రెండింటికీ మధ్య ముడి కనిపించింది. వార్తను నమ్మాలంటే చూసిన మనిషి ఎక్కడ నిలబడి చూశారో తెలియాలి. అది అందరికీ తెలిస్తే ఆ మనిషికే ప్రమాదం. ఈ కేసులో కష్టమైన నిర్ణయాలన్నీ ఈ ముడి దగ్గరే తీసుకోవాల్సి వచ్చింది.

మొదట చేసినవి, పనికిరానివి

బృందంలో ఎక్కువమంది, ముగ్గురికి బదులు ఐదుగురు నిర్ధారించాలన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. పుకారు ఎంత వేగంగా పాకితే అంతమంది అవునంటారు కాబట్టి, లెక్క పెంచితే బాగా పాకిన పుకారుకే లాభం. ఒక్కరే చూసిన నిజం మాత్రం ఎప్పటికీ బయటికి రాదు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తర్వాత ఆన్‌లైన్‌లో వేలమంది ఫొటోలు వెతికి, నిందితుడు ఫలానా అంటూ అప్పటికే కనిపించకుండా పోయిన ఒక విద్యార్థి పేరు చెప్పారు. అతనికి ఆ పేలుళ్ళతో ఏ సంబంధమూ లేదు. తర్వాత అతను శవమై దొరికాడు. ఆ రోజుల్లో ఆ కుటుంబం పడ్డ బాధ గురించి బృందానికి చెప్పాను. అంతమంది వెతికినా, వాళ్ళలో ఎవరూ ఏదీ కళ్ళారా చూసినవాళ్ళు కారు.

తర్వాత, వీడియో ఉంటేనే వార్త అనే నియమం పెట్టి చూశాం. ఇది రెండు రకాలుగా దెబ్బతీసింది. వేరే ఊళ్ళలో ఎప్పుడో తీసిన పాత వీడియోలు మా వీధిలోవే అంటూ వచ్చి పడ్డాయి. వాటిని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. వీడియోలోంచి కొన్ని ఫ్రేములు తీసి ఇమేజ్ సెర్చ్‌లో వెతికితే పాతవి చాలావరకు దొరికిపోతాయి. రెండో దెబ్బ గట్టిది. వీడియో కావాలన్నాం కాబట్టి పిల్లలు ఫోన్లు పట్టుకుని ఘర్షణ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఒక విద్యార్థి కాలికి గాయమైంది. ఆ రోజే ఆ నియమం తీసేశాం. ఇంట్లో ఉండి, కిటికీలోంచి కనిపించినంత చెప్పేవాళ్ళు మాకు కావాలి. ప్రమాదంలోకి నడిచి వెళ్ళమని ఏ నియమమూ, చెప్పకనే చెప్పినట్టుగా కూడా, అడగకూడదు.

మాటల్ని విడదీయడం

అప్పుడు ప్రతి సమాచారానికీ ఒక గుర్తు పెట్టించాం: చూశాను, చప్పుడు స్వయంగా విన్నాను, ఎవరో చెప్పారు. మూడో రకం ఎంత పెద్ద వార్తయినా బయటికి వెళ్ళదు, ఎవరిని అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. మొదటి రెండు రకాలు పంపినవారికి టీచర్‌గారు ఫోన్ చేసి అడిగేవారు: మీరు ఎక్కడ నిలబడ్డారు, మీకు అడ్డంగా ఏముంది, మీరు చూడడం మొదలుపెట్టేటప్పటికే ఏమైనా జరిగిపోయిందా, మీ పక్కన ఇంకెవరున్నారు.

ఇందులో మూడో ప్రశ్న అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. చప్పుడు విని కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళు, అంతకు ముందు జరిగింది కూడా తాము చూసినట్టే చెప్తారు. అది అబద్ధం కాదు, మనసు ఖాళీలను తానే పూరించుకుంటుంది. ఒకాయన పోలీసులు కాల్పులు జరిపారని రాశారు. ఫోన్‌లో అడిగితే, ఆయన విన్నది రెండు పెద్ద చప్పుళ్ళు, చూసింది తెల్లటి పొగ, పరుగెడుతున్న జనం. బయటికి వెళ్ళిన వార్త అంతవరకే ఉంది: ఫలానా సమయంలో రెండు పెద్ద చప్పుళ్ళు వినిపించాయి, తెల్లటి పొగ కనిపించింది, అవి ఏమిటో ఇంకా తెలియదు.

విద్యార్థులకు ఇది నచ్చలేదు. ఊరు తగలబడుతుంటే మనం ఇంత పేలవంగా రాస్తామా అన్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమైంది, వాళ్ళ స్నేహితులు ఆ వీధుల్లోనే ఉన్నారు. ఆస్పత్రి వార్త తర్వాత జనం మన మాట వినడం తగ్గించారు కదా అని గుర్తుచేశాను. కాల్పులని రాసి అవి టియర్ గ్యాస్ అని తేలితే, రేపు నిజంగా కాల్పులు జరిగినప్పుడు ఎవరు నమ్ముతారు?

అయితే అన్ని వార్తలకూ ఒకే జాగ్రత్త పెట్టడం తప్పని కూడా త్వరగానే తెలిసింది. ఫలానా రోడ్డు మూసేశారు, అంబులెన్స్ అటు వెళ్ళడం కుదరదు అన్నది గంట ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. ఒకవేళ అది తప్పయితే, ఎవరో చుట్టూ తిరిగి వెళ్తారు, అంతే. ఎవరో చనిపోయారన్నది తప్పయితే ఇంకో రాత్రి ఇంకో తొక్కిసలాట జరగొచ్చు. అందుకని దారి మూసివేతలు, గ్యాస్ ఏ వైపు వీస్తోంది, ఏ మందుల షాపు తెరిచి ఉంది వంటివి ఒక్కరు చూసి చెప్పినా వెంటనే పంపేవాళ్ళం. మరణాలు, నేరారోపణలు, ఎవరి పేరైనా ఉన్న వార్తలు ఆపి, దగ్గరగా చూడగలిగినవాళ్ళు దొరికేదాకా ఉంచేవాళ్ళం. జనం గుమిగూడిన చోటునుంచి లైవ్ పూర్తిగా మానేశాం. లైవ్‌లో ముఖాలు దాచలేం, పైగా జనం ఇప్పుడు ఎక్కడున్నారో అది అందరికీ చెప్తుంది.

బాల్కనీ వీడియో

ఒక సాయంత్రం పై అంతస్తులో ఉండే ఒకావిడ వీడియో తీశారు. పోలీసు దళం టియర్ గ్యాస్ షెల్స్‌ని పైకి కాకుండా, జనం మీదికే సూటిగా పేల్చడం అందులో స్పష్టంగా ఉంది. పైకే పేల్చామని అధికారులు అప్పటికే ప్రకటించారు. ఇది చిన్న తేడా కాదు. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల విభాగం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అలాంటి షెల్స్‌ని సాధారణంగా మనుషుల మీదికి పేల్చకూడదు. తలకూ ముఖానికీ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

వీడియో నిజమైనదేనా అని చూడడం మొదలుపెట్టాం. ఎదుటి భవనం మీది నీళ్ళ ట్యాంకు, రోడ్డు మలుపు, స్తంభాల వరస ఉపగ్రహ చిత్రంతో సరిపోయాయి. నీడల దిక్కు, పొడవు ఆ తేదీన ఆ గంటకు సరిపోయాయి. రిటైరైన ఇంజినీరు ఇంకోటి పట్టుకున్నారు. షెల్ పేల్చినప్పటి మెరుపుకీ చప్పుడుకీ మధ్య 18 ఫ్రేములున్నాయి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది 0.6 సెకన్లు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి దళానికీ కెమెరాకీ మధ్య సుమారు 200 మీటర్లు. మ్యాపు మీద కొలిస్తే సరిగ్గా సరిపోయింది.

వీడియో నిజమని తేలింది. అలా తేల్చిన ప్రతి ఆధారమూ ఆవిడ ఇంటి వైపే వేలు చూపిస్తోంది. చూసే కోణం అంతస్తును చెప్తుంది, ట్యాంకు భవనాన్ని చెప్తుంది, చివరికి చప్పుడు ఆలస్యం కూడా దూరాన్ని చెప్పేస్తుంది. మేం చేసిన లెక్క ఎవరైనా చేయగలరు.

అంచులు కత్తిరించి, కొన్ని చోట్ల నల్లగా కప్పి, శబ్దం తీసేసి ఒక కాపీ తయారుచేశాం. ముఖాల విషయంలో మసక చేయడం కంటే పూర్తిగా కప్పేయడమే మంచిది, పలచటి మసకలోంచి మనిషిని గుర్తుపట్టే అవకాశం ఉంటుంది. ఆ కాపీని ఈ కేసు గురించి ఏమీ తెలియని ఒక సహోద్యోగికి ఇచ్చి, అందరికీ దొరికే మ్యాపులతో మాత్రమే చోటు కనిపెట్టమన్నాను. సాయంత్రానికల్లా భవనం పేరుతో సహా చెప్పేశాడు. ఇంకా ఎక్కువ కప్పితే వీడియోలో రుజువు అంటూ ఏమీ మిగలదు. ఏదైనా ప్రచురించే ముందు ఈ పరీక్ష చేయాలని అప్పటినుంచి అందరికీ చెప్తున్నాను. తీసినవాళ్ళకూ, ఎడిట్ చేసినవాళ్ళకూ చోటు ముందే తెలుసు కాబట్టి, ఏది బయటపెడుతుందో వాళ్ళకు కనిపించదు.

తన పేరు లేకపోతే చాలు, వేసేయండి అన్నారు ఆవిడ. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ ఇంట్లో నడవలేని ఒక పెద్దావిడ ఉన్నారు. అదే వైపు బాల్కనీలున్న వేరే కుటుంబాలు నాలుగైదు ఉన్నాయి. వీడియో ఎవరు తీశారో తెలియక వచ్చినవాళ్ళు అన్ని తలుపులూ కొడతారు. తన ప్రమాదానికి ఆవిడ ఒప్పుకోగలరు, పక్కింటివాళ్ళ తరఫున ఒప్పుకోలేరు. ఇదే మాట ఆవిడతో చెప్పాం. ఒక రాత్రి ఆలోచించుకుని, వీడియో వేయకపోవడానికి సరేనన్నారు.

ఎలా ముందుకెళ్ళాం

ప్రచురించడం, భద్రపరచడం రెండూ వేర్వేరు పనులని విడదీశాక దారి దొరికింది.

ముందు ఒరిజినల్ సంగతి. మామూలుగా వాట్సాప్‌లో పంపితే వీడియో కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న మెటాడేటా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు చెక్కుచెదరదు గానీ, అప్పుడు లొకేషన్ కూడా దానితోపాటే వెళ్తుంది. అందుకని ఫోన్ నుంచి కేబుల్‌తోనే కాపీ చేయించి, ఎన్‌క్రిప్ట్ చేసిన రెండు డ్రైవుల్లో పెట్టించాం, ఒకటి నగరం దాటించాం. ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్రలా పనికొచ్చే, లెక్కకట్టి తీసిన ఒక విలువ) తీసి, తేదీతో కాగితం మీద రాసి ఉంచాం. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ విలువ మారిపోతుంది, కాబట్టి తర్వాత ఎవరైనా ఇది మార్చిన వీడియో అంటే జవాబు చెప్పగలం. తర్వాత ఆవిడ ఫోన్‌లోంచి తీసేయించాం, దారిలో తనిఖీల్లో ఫోన్లు చూస్తున్నారు. ఇంత కష్టం దేనికి, యూట్యూబ్‌లో ప్రైవేటుగా పెడితే సరిపోదా అని విద్యార్థులు అడిగారు. 2017లో సిరియా యుద్ధానికి సంబంధించిన వేలాది వీడియోలు యూట్యూబ్ ఆటోమేటిక్ తనిఖీల్లో పోయాయి. వాటిలో కొన్నింటికి ఇంకెక్కడా కాపీ లేదు.

ఇక ప్రచురణ. ఆవిడ చూసినదాన్ని, ఆవిడ చోటు చెప్పకుండా, ఇంకే దారిలో చూపించగలం అని వెతికాం. మర్నాడు కర్ఫ్యూ సడలించినప్పుడు మామూలుగా ఆ దారిన వెళ్ళేవాళ్ళు గోడల మీది దెబ్బలు, కిందపడ్డ షెల్స్ ఫొటోలు తీశారు. దెబ్బలు ఛాతీ ఎత్తులో ఉన్నాయి. ప్రతి ఫొటోలో కొలత కోసం పక్కనే పెన్నో తాళంచెవో పెట్టమన్నాం, షెల్స్‌ని ముట్టుకోవద్దన్నాం. ఆస్పత్రిలో ఎలాంటి గాయాలు వచ్చాయో నర్సును అడుగుదామని ఒకరన్నారు. వద్దన్నాను. రోగుల వివరాలు చెప్పడం ఆమె వృత్తికి విరుద్ధం. పైగా అవి బయటికొస్తే, గాయపడ్డవాళ్ళు ఆస్పత్రికి రావడానికే భయపడతారు.

చివరికి బయటికి వెళ్ళింది ఒక రాతపూర్వక కథనం, గోడల ఫొటోలు, ఒక వాక్యం: పేల్చిన క్షణాన్ని చూపించే వీడియో మా దగ్గర ఉంది, పరిశీలించాం, తీసినవారి క్షేమం కోసం ప్రచురించడం లేదు. దమ్ముంటే చూపించండి అని చాలామంది తిట్టారు. ఆ తిట్లను భరించడమే సరైన పని. కొన్ని రోజులకు నేలమీదినుంచి ఎవరో దారినపోయేవాళ్ళు తీసిన చిన్న క్లిప్ వేరేచోట బయటికొచ్చింది. అది అదే క్షణానిదని మా ఒరిజినల్‌తో పోల్చి చెప్పగలిగాం. కొంతకాలానికి విచారణ మొదలైనప్పుడు, ఆవిడే నిర్ణయించుకుని, వకీలు ద్వారా ఒరిజినల్ అందజేశారు. హ్యాష్ సరిపోయింది.

సోషల్ మీడియా వీడియోలకు కోర్టుల్లో విలువ ఉంటుందా అని నన్ను తరచుగా అడుగుతారు. 2017 ఆగస్టులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు లిబియాకు చెందిన మహమూద్ అల్ వర్ఫల్లి మీద వారెంటు ఇచ్చింది, అందులో సోషల్ మీడియాలో వచ్చిన వీడియోలు ముఖ్య ఆధారం. ఇలాంటి సాక్ష్యాన్ని ఎలా సేకరించాలి, ఎలా దాచాలి అనేదానికి 2020లో బర్క్‌లీ ప్రోటోకాల్ వచ్చింది. వృత్తి నిపుణుల కోసం రాసిందే అయినా, ఒరిజినల్‌ని ముట్టుకోకుండా ఉంచడం, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాసిపెట్టడం ఏ నివాసి అయినా చేయగలరు.

మనవాళ్ళు చేసినప్పుడు

బృందంలో దాదాపు అందరూ ఆందోళనకారుల వైపువాళ్ళే. అది దాచాల్సిన విషయం కాదు, ఆ వీధుల్లో ఉంటూ ఏ పక్షమూ లేకుండా ఉండడం కష్టం. ఒకరోజు రెండో పక్షానికి చెందిన ఒకాయన షాపును ఆందోళనకారులు తగలబెట్టారు. బృంద సభ్యులే ఇద్దరు కళ్ళారా చూశారు. దీన్ని పంపితే ఉద్యమానికి దెబ్బ అని గట్టిగా వాదించారు కొందరు. టీచర్‌గారు ఒకటే అడిగారు: ఇదే పని అవతలివాళ్ళు చేస్తే ఎంతసేపట్లో పంపేవాళ్ళం? వార్త వెళ్ళింది, అందులోనూ పేర్లు లేవు, చూసినంతవరకే ఉంది. ఇద్దరు బృందాన్ని వదిలేశారు, మళ్ళీ రాలేదు. ఆ తర్వాతి వారాల్లో, రెండో పక్షం ఎక్కువగా ఉండే వీధులనుంచి కూడా సమాచారం రావడం మొదలైంది, ముఖ్యంగా దారుల గురించి, దెబ్బలు తగిలినవాళ్ళ గురించి.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

ఇలాంటి బృందం ఏదైనా పిలిస్తే ఇప్పుడు నేను మొదట అడిగేది, ఎవరి కిటికీలోంచి ఏం కనిపిస్తుంది అని. ఆ పట్టిక ఒక్కరి దగ్గరే, కాగితం మీద ఉండాలి. ఒక వార్త రాగానే అది కనిపించగల కిటికీ ఎవరిదో చూసి, వాళ్ళను అడగాలి. ఆస్పత్రి పుకారును అక్కడే ఆపేయగలిగేవాళ్ళు.

రెండోది, సరిచేసే పద్ధతి ముందే ఉండాలి. తప్పు వార్త ఎంతమందికి వెళ్ళిందో సవరణ కూడా అదే దారిలో, అంత ప్రముఖంగా వెళ్ళాలి. పాత మెసేజ్‌ని చడీచప్పుడు లేకుండా తీసేస్తే, దాన్ని అప్పటికే ఫార్వర్డ్ చేసినవాళ్ళకు ఏమీ తెలియదు.

ఇంటర్నెట్ ఆగిపోతుందని కూడా ముందే అనుకోవాలి. 2011 జనవరి చివర్లో ఈజిప్టులో దాదాపు దేశమంతటా కొన్ని రోజులు ఆపేశారు. ఈ నగరంలోనూ రాత్రిపూట ఆగేది. ఆ రాత్రుల్లో నోట్‌బుక్‌లో సమయం, చోటు, చూసింది రాసి, ఉదయం పంపించేవారు. ఆ నోట్లు కొన్ని వీడియోలకన్నా ఎక్కువ పనికొచ్చాయి, ఎందుకంటే రాసేటప్పుడు ఎవరి మాటలూ వాళ్ళ చెవిన పడలేదు.

రాత్రంతా వీడియోలు చూసే పనిని వంతులవారీగా పంచాలి. గాయాల దృశ్యాలను శబ్దం తీసేసి, చిన్న సైజులో చూస్తే మనసు మీద బరువు కొంత తగ్గుతుంది. విద్యార్థుల్లో ఒకరికి నిద్ర పూర్తిగా పోయింది. ఆ అమ్మాయిని వీడియోల పనినుంచి తప్పించి, దారుల సమాచారం చూసే పని ఇచ్చారు, తనే అడిగింది.

పరిస్థితి చల్లబడ్డాక ఏం దాచాలి, ఏం చెరిపేయాలి అన్న చర్చ చాలాసేపు నడిచింది. కిటికీల పట్టికను, ఫోన్ నంబర్లను నాశనం చేయాలని అందరూ వెంటనే ఒప్పుకున్నారు. ఒరిజినల్ వీడియోలు మాత్రం విచారణ పూర్తయ్యేదాకా ఇద్దరి సంరక్షణలో ఉంచాలని, తీసినవారు ఎప్పుడు అడిగినా వాళ్ళది చెరిపేయాలని రాసుకున్నారు. ఇప్పటిదాకా ఒకరు అడిగారు. ఆయన వీడియో చాలా ముఖ్యమైనది, ఉంచమని నచ్చజెప్పాలని కొందరికి అనిపించింది. ఎవరూ ఆయన్ని కారణం అడగలేదు. రెండు డ్రైవుల్లోంచీ చెరిపేసి, ఆ మాట ఆయనకు ఫోన్ చేసి చెప్పారు.